చెరిగిపోయిన నాలుగు పేర్లు

నాలుగో మనిషిని మంగలి షాపు కుర్చీలో చంపారు. మెడకి తెల్లగుడ్డ చుట్టించుకుని, సగం గడ్డం గీయించుకుని, అద్దంలో మొహం చూసుకుంటున్నవాడు చూసుకుంటున్నట్టే పోయాడు. సైలెన్సర్ బిగించిన పిస్టల్. ఒకటే తూటా. సరిహద్దుకి అవతల, శత్రుదేశపు రాజధానిలో పట్టపగలు జరిగిన ఈ పని ఇవతల ఒక మూడంతస్తుల పాత బిల్డింగుకి మర్నాడు పొద్దున్న ఎనిమిదింటికి తెలిసింది. ఆ బిల్డింగు బోర్డు మీద "గిడ్డంగుల తనిఖీ విభాగం" అని రాసి ఉంటుంది. లోపలివాళ్లు ఏ గిడ్డంగినీ తనిఖీ చేసిన పాపాన పోలేదు.

ఎనిమిదీ పదికల్లా ఛీఫ్ గదిలో వదిన నిలబడి ఉంది. ఆ గదిలో ఎవరైనా నిలబడే ఉండాలి. ఎదుటివాళ్లని కూర్చోమనే అలవాటు లేదు కాబట్టే ఛీఫ్‌కి హెడ్మాస్టరని పేరొచ్చింది. వదిన విషయానికొస్తే, ఆమె ఆ ఆఫీసులో ఎవరికీ వదిన కాదు. ఆమె భర్త అక్కడే పనిచేసేవాడు, ఆయన స్నేహితులు అలా పిలిచేవాళ్లు. ఆయన పోయాక ఆమె ఉద్యోగంలో చేరి పన్నెండేళ్లుగా ఫీల్డు ఏజెంటుగా తిరుగుతున్నా ఆ పిలుపు మాత్రం వదల్లేదు. తనకంటే ఇరవయ్యేళ్లు పెద్దయిన వాచ్‌మన్ కూడా వదినగారూ అంటాడు. ఆమెకి ఒళ్లు మండుతుంది. ఆ సంగతి ఎవరూ పట్టించుకోరు.

హెడ్మాస్టరు ఉపోద్ఘాతాల మనిషి కాదు. అవతల రాజధానిలో మనవాళ్లు ఏడుగురు, రెండు నెలల్లో నలుగురు పోయారు, మిగిలింది ముగ్గురు అని చెప్పి, అదే గొంతుతో ఇంకో మాట అన్నాడు.

"ఆ ముగ్గురిలో మీ తమ్ముడున్నాడు. ఏడవాలంటే బయటికెళ్లి ఏడ్చి రా."

"పని చెప్పండి," అంది వదిన.

తమ్ముడు అవతల ఉన్నాడని ఆమెకి అప్పటిదాకా తెలియదు. తల్లి పోయిన రోజున ఇద్దరూ పెద్ద గొడవపడ్డారు. ఇల్లు దద్దరిల్లేలా అరుచుకున్నాక వాడు చెప్పులేసుకుని వెళ్లిపోయాడు. ఎనిమిదేళ్లయింది, ఉత్తరం ముక్క లేదు. చచ్చినా వాడి మొహం చూడనని ఆమె ఎన్నోసార్లు అనుకుంది. చచ్చేది వాడే అని తెలిసేసరికి కూర్చోడానికి చుట్టూ చూసింది. హెడ్మాస్టరు గదిలో కుర్చీ లేకపోవడం ఎంత దుర్మార్గమో ఆమెకి ఆ పొద్దున్నే తెలిసింది.

పక్క గదిలోంచి రిజిస్టర్‌ని పిలిపించారు. రిజిస్టర్ అంటే పుస్తకం కాదు, మనిషి. అవతల ఉన్నవాళ్ల మారుపేర్లు, అడ్రసులు, వేషాలు ఏ కాగితం మీదా ఉండకూడదని ఆ ఆఫీసు నియమం. అవన్నీ ఒక్కడి బుర్రలోనే ఉంటాయి. ఆ ఒక్కడు యాభై ఎనిమిదేళ్ల బక్కపల్చటి మనిషి, చొక్కా గుండీ మెడదాకా పెట్టుకుంటాడు. ఎప్పుడు అప్పజెప్పినా ఇద్దరు వింటుండాలి, ఒక్కడి చెవిలో చెప్పడం నిషిద్ధం. అందుకే వదిన రెండో చెవిగా నిలబడింది.

రిజిస్టర్ కళ్లు మూసుకుని గడగడా అప్పజెప్పాడు. మొదటి పేరు తమ్ముడిది. వాగు వంతెన పక్కన గడియారాలు బాగుచేసే దుకాణం, మేడ మీద గది. తరవాత ఇంకో పేరు. ఇంకో పేరు. ఆ తరవాత కళ్లు తెరిచి, అయిపోయింది కదా అన్నట్టు చూశాడు.

"మిగతా నలుగురు?" అన్నాడు హెడ్మాస్టరు.

"ఏ నలుగురండీ? మొదట్నుంచీ ముగ్గురే కదా."

అబద్ధం చెప్పేవాడి మొహం వదినకి తెలుసు. ఆమె బతుకంతా అలాంటి మొహాల మధ్యే గడిచింది. ఈయన మొహం అది కాదు. పోయిన నలుగురి ఫొటోలు చూపిస్తే పాపం ఎవరండీ వీళ్లు అని అడిగాడు. అందులో ఒకడికి ఈయనే పిల్లనిచ్చిన మామ అని తెలిస్తే అక్కడే కుప్పకూలేవాడేమో. ఆ మాట అప్పుడు ఎవరూ చెప్పలేదు. ఆయన్ని జ్వరమని చెప్పి లోపలి గదిలో పడుకోబెట్టి బయట తాళం వేశారు.

అప్పుడు హెడ్మాస్టరు అసలు సంగతి చెప్పాడు. జ్ఞాపకం అంటే పెట్టెలో పడి ఉండే ఫొటో కాదట. గుర్తు చేసుకున్న ప్రతిసారీ మెదడు దాన్ని బయటికి తీస్తుంది, పని అయ్యాక మళ్లీ కొత్తగా ప్రోటీన్లు తయారు చేసుకుని నరాల అతుకుల దగ్గర భద్రం చేస్తుంది. బయట ఉన్న ఆ కొద్ది గంటలూ అది పచ్చిగా ఉంటుంది. పెట్టెలోంచి తీసిన బట్టని మళ్లీ మడతపెట్టి లోపల పెడితేనే కదా ఉండేది. ఆ మడత పెట్టనివ్వని మందొకటి అవతలివాళ్లు కనిపెట్టారు. ముందు ఒక ఇంజెక్షనుతో మనిషి చేత చెప్పిస్తారు. చెప్పాక రెండో ఇంజెక్షను ఇస్తారు. చెప్పిన సంగతీ పోతుంది, చెప్పానన్న సంగతీ పోతుంది. ద్రోహి ఉండడు, ద్రోహం మాత్రం జరిగిపోతుంది.

రిజిస్టర్‌కి భార్య పోయినప్పటినుంచీ డిప్రెషన్. సెరటోనిన్ తేడా చేసిందని ప్రతి గురువారం పదకొండింటికి ఒక మెదడు ఆస్పత్రికి వెళ్తున్నాడు. వారానికొక సెషను, సెషనుకొక పేరు. ఆ ఆస్పత్రి వేరెవరిదో అయితే ఇంత గొడవ ఉండేది కాదు. అది డిపార్టుమెంటు సొంత మనిషిది. డాక్టరమ్మ ఆరేళ్లుగా మన ఏజెంటు, విదేశీ అధికారుల కుటుంబాలు ఆమె దగ్గరికి వైద్యానికొచ్చి చెప్పుకునే రహస్యాలు సాయంత్రానికి హెడ్మాస్టరు బల్ల మీద ఉంటాయి. కిందటేడు ఒక గూఢచారిని పట్టించింది కూడా. అనుమానమల్లా మూడు నెలల కిందట చేరిన టెక్నీషియన్ మీద.

ఈ రోజూ గురువారమే. ముగ్గురికీ హెచ్చరిక పంపారు, కానీ అది చేతులు మారి మారి చేరేసరికి సాయంత్రం ఆరవుతుంది. అప్పటిదాకా ఆ మూడు అడ్రసులూ పచ్చిగానే ఉన్నట్టు. ఎవరో ఒకరు పేషెంటు వేషంలో వెళ్లి టెక్నీషియన్‌ని చేతిలో సూదితో పట్టుకోవాలి. విషయం తెలిసినవాళ్లు ఇద్దరే, హెడ్మాస్టరు మొహం ఊరందరికీ తెలుసు. డాక్టరమ్మకి కూడా చెప్పకూడదని ఆయన గట్టిగా చెప్పాడు. మూడు అడ్రసులు బుర్రలో పెట్టుకున్న మనిషిని ఆ గుహలోకి పంపడం తెలివితక్కువ పని అని కూడా ఆయనే అన్నాడు. అది తమ్ముడి మీద ప్రేమతో వెళ్లే పని కాదని, వెళ్లి ఏడుపు మొహం పెడితే ఉద్యోగం ఊడుతుందని ముగించాడు.

వేషాల సెక్షను వాళ్లు ఆమెని అరగంటలో రిటైరైన టైపు టీచరుగా మార్చారు. నెరిసిన విగ్గు, మందపాటి కళ్లద్దాలు, చెవికి ముత్యం దుద్దు. ముత్యంలో ట్రాన్స్‌మిటర్. "గది చల్లగా ఉంది" అంటే లోపలికి రావాలి. ఏ మాటా వినపడకపోతే సరిగ్గా పన్నెండింటికి తలుపులు బద్దలు కొట్టుకుని రావాలి.

ఆస్పత్రి ఒక పెద్ద రోడ్డు మీద రెండో అంతస్తులో ఉంది. రిసెప్షనులో అమ్మాయి తలెత్తకుండానే నిద్రలేమా, మతిమరుపా, దిగులా అని అడిగింది, కూరగాయల ధర అడిగినట్టు. నిద్రలేమి అంది వదిన. ఎదురుగా గోడ మీద మెదడు బొమ్మ, దాని కింద బెంచీ మీద తనలో తను మాట్లాడుకుంటున్న ఒక పెద్దమనిషి, ఆయన మోచెయ్యి పట్టుకుని కూర్చున్న కూతురు. ఆ అమ్మాయి ముఖంలో అలసట వదినకి బాగా తెలిసిన అలసట. వదిన తల్లికి కూడా గొంతులు వినపడేవి. డోపమిన్ ఎక్కువవడం వల్ల అని ఇప్పుడు అంటారు. అప్పట్లో ఏమీ అనేవాళ్లు కాదు, తలుపులు వేసుకునేవాళ్లు.

టెక్నీషియన్ సన్నగా, మొహం చిట్లించుకుని ఉన్నాడు. పడకకుర్చీలో పడుకోబెట్టి, మెదడుకి ఈఈజీ తీయాలి, లోహం ఏదీ ఒంటి మీద ఉండకూడదు అంటూ ట్రే చాపాడు. దుద్దులు ట్రేలోకి వెళ్లాయి, ట్రే పక్కగదిలోకి వెళ్లింది. తరవాత తల మీద ఎలక్ట్రోడ్లు అంటించడానికి జుట్టు పాయ తీయబోయాడు. జుట్టు మొత్తం చేతిలోకి వచ్చేసింది.

తల పరీక్షకి వెళ్లే మనిషికి విగ్గు పెట్టి పంపిన వేషాల సెక్షనుని వదిన మనసులో ఏడు తరాల దాకా తిట్టింది. టెక్నీషియన్ విగ్గు పట్టుకుని నోరు తెరుచుకుని నిలబడ్డాడు. అంతలో తలుపు తీసుకుని డాక్టరమ్మ వచ్చింది. పొడుగాటి మనిషి, నుదుటి మీద ఒకే ఒక్క తెల్ల పాయ, ఎత్తుమడమల చెప్పులు, వెనకే ఖరీదైన సెంటు వాసన. ఒక్క చూపులో అంతా అర్థం చేసుకుంది. టెక్నీషియన్‌ని బయటికి పంపి తలుపు గడియ పెట్టింది.

"వదినగారూ," అంది నవ్వుతూ. "హెడ్మాస్టరు నాతో ఒక్క మాట అనొచ్చు కదా. వాడి మీద నాకూ అనుమానంగానే ఉంది."

వదినకి ప్రాణం లేచొచ్చింది. నాలుగేళ్ల కిందటి శిక్షణలో ఈ డాక్టరమ్మ దగ్గరే పాఠాలు విన్నది, శత్రువు మందులిచ్చి ప్రశ్నిస్తే ఏం చేయాలో. చెప్పకూడదన్న సంగతి గుర్తుండగానే సగం చెప్పేసింది. రిజిస్టర్ అప్పజెబుతుంటే తను విన్న సంగతి, నాలుగు పేర్ల సంగతి, మిగిలినవాళ్లలో తమ్ముడున్న సంగతి. వాడికి అనుమానం రాకుండా పరీక్ష కానిచ్చినట్టు నటిద్దాం, చెయ్యి ఇటివ్వండి, పట్టీ కడతాను అంది డాక్టరమ్మ. వదిన చెయ్యిచ్చింది. ఇచ్చిన చేతికి పట్టీ బిగిసింది, రెండో చేతికీ బిగిసింది, ఆ తరవాతే సూది కనపడింది. గోడ గడియారంలో పదకొండూ ఇరవై.

"గది చల్లగా ఉంది," అంది వదిన.

"ముత్యం పక్కగదిలో ఉంది," అంది డాక్టరమ్మ. "నేనిచ్చిన సలహా మీదే కదా మీవాళ్లు ముత్యంలో పెట్టడం మొదలెట్టింది."

సూది దిగింది. డాక్టరమ్మ కుర్చీ దగ్గరికి లాక్కుని టేప్ రికార్డర్ మీట నొక్కింది. తను చేసేది దాచాలనే బెంగ ఆమెకి లేదు, ఎలాగూ మర్చిపోయే మనిషి కదా. మెదడు ముందువైపుని, అంటే నోటికి కాపలా కాసే భాగాన్ని, ఈ మందు అరగంట నిద్రపుచ్చుతుందని చెప్పింది. ఇదే మందు మళ్లీ వేస్తే గుండె ఆగుతుంది కాబట్టి అరగంటే టైము. పదకొండూ యాభై ఐదుకి సరిహద్దుకి ఆ పక్క టెలిఫోను దగ్గర ఒక మనిషి కూర్చుంటాడు. రిజిస్టర్ రాకపోయినా పరవాలేదు, రిజిస్టర్ అప్పజెబుతుంటే విన్న రెండో చెవి వచ్చింది.

"మీ తమ్ముడు ఎక్కడున్నాడు?"

వదిన నోరు మూసుకుందామనుకుంది. నోరు ఆమె మాట వినలేదు. "వంతెన పక్కన," అని అనేసింది. నాలుక తరవాతి మాట కోసం తయారవుతోంది. గడియారాలు అన్న మాట పళ్ల వెనకే ఉంది. మౌనం అసాధ్యమని తెలిసిపోయింది. మాట్లాడాలి, ఏదో ఒకటి నిజమే మాట్లాడాలి.

ఈ డాక్టరమ్మే క్లాసులో చెప్పింది. భయంతోనో సిగ్గుతోనో కాలిన జ్ఞాపకానికి బలం ఎక్కువ. నారడ్రినలిన్ అనే రసం ఊరి, మెదడులో భయాన్ని చూసుకునే అమిగ్డలా దాని మీద గట్టి ముద్ర వేస్తుంది. అది కదిలిందంటే మిగతావి పక్కకి జరగాల్సిందే. వదిన దగ్గర అలాంటిది ఒకటే ఉంది. ముప్ఫై ఏళ్లకి పైగా ఎవరికీ చెప్పలేదు, తనకి తను కూడా చెప్పుకోలేదు. దాన్ని తీస్తే వాడు బతుకుతాడు. తీసినది మళ్లీ లోపలికి పోదు.

"తమ్ముడు ఎక్కడ?" అని మళ్లీ అడిగింది డాక్టరమ్మ.

"బెంచీ మీద ఉన్నాడు," అంది వదిన. "నేనే కూర్చోబెట్టాను."

డాక్టరమ్మ కళ్లు మెరిశాయి. ఆమె పద్ధతి ఒకటుంది. కదిలిన జ్ఞాపకాన్ని మధ్యలో ఆపకూడదు. ఆపితే సగం చెరిగి సగం మిగులుతుంది, మిగిలిన సగం తరవాత సాక్ష్యం చెబుతుంది. అందుకే ఎవరినీ ఎప్పుడూ ఆపదు. ఏ పార్కులో బెంచీయో అని కాగితం మీద రాసుకుని ముందుకి వంగింది.

వదిన చెబుతూ పోయింది. అమ్మని పిచ్చాసుపత్రిలో పెట్టారు. నాన్న రావడం మానేశాడు. ప్రతి ఆదివారం పదమూడేళ్ల తను, ఆరేళ్ల తమ్ముణ్ణి వెంటేసుకుని రెండు బస్సులు మారి వెళ్లేది. వాడు దారంతా ఏడ్చేవాడు, అన్నం తినడు, రాత్రి పక్క తడిపేవాడు, అన్నీ తనే ఉతకాలి. క్లాసులో ఆడపిల్లలు తన బట్టలు వాసనొస్తున్నాయని దూరంగా కూర్చునేవాళ్లు. బస్సు నంబరు చెప్పింది. ఆస్పత్రి గోడల రంగు చెప్పింది. వాడి చొక్కాకి రెండో గుండీ లేని సంగతి చెప్పింది. దీని చివర అడ్రసు వస్తుందని డాక్టరమ్మ రాసుకుంటూనే ఉంది. పదకొండూ నలభై.

"ఆ రోజు వాడు తప్పిపోలేదు," అంది వదిన. ఆమె గొంతు మారిపోయింది. "అందరికీ తప్పిపోయాడనే చెప్పాను. వార్డు బయట బెంచీ మీద కూర్చోబెట్టి, వంద దాకా లెక్కపెట్టు, వచ్చేస్తానన్నాను. వాడికి ఇరవై దాకానే వచ్చు. నాకు తెలుసు. గేటు దాటేదాకా వినపడింది, ఇరవై అవగానే మళ్లీ ఒకటి నుంచి మొదలెట్టేవాడు. నేను బస్సెక్కాను. కిటికీ పక్కన సీటు దొరికింది. నాకు హాయిగా ఉంది. అదీ నేను చేసిన తప్పు. వదిలేసి రావడం కాదు, హాయిగా ఉండటం."

వదిన వెక్కి వెక్కి ఏడ్చింది. మర్నాడు పొద్దున్న వాడు అమ్మ మంచం కింద దొరికాడని చెప్పింది. వాడికి తెలుసని, తెలిసే ఇంటికొచ్చాక ఒక్క మాటా అనలేదని చెప్పింది. అమ్మ పోయిన రోజున మాత్రం నిలదీశాడు. ఇప్పటికైనా ఒప్పుకో, వదిలేసి వెళ్లానని ఒక్కసారి ఒప్పుకో అన్నాడు. తను అందరి ముందూ తప్పిపోయావురా అనే అంది. "క్షమించరా," అంది పడకకుర్చీలో, కట్టేసిన చేతులతో. "నేనే వదిలేశాను. నువ్వు తప్పిపోలేదు, క్షమించు నాయనా." అదే మాట పదిసార్లు అంది. నాలుక ఇంక వేరే మాట వైపు తిరగలేదు.

డాక్టరమ్మ తలెత్తి చూసేసరికి పదకొండూ యాభై. వదిన ఏడుపు ఆపి, పళ్లు బిగించి, కళ్లలోకి చూసింది. మందు దిగిపోయింది. తను రాసుకున్న కాగితం డాక్టరమ్మ ఒకసారి మొదటినుంచీ చదువుకుంది. ఒక ఆస్పత్రి, ఒక బస్సు నంబరు, ఒక గుండీ. ఆమె అందమైన మొహం మొదటిసారి వికారంగా మారింది.

"ముప్ఫై ఏళ్ల కిందటి పిల్లాడి కథ నాకెందుకే?" అంది.

"ఆపొచ్చు కదా," అంది వదిన.

రెండో సూది ఆమె కావాలనే మొరటుగా గుచ్చింది. ఈ మనిషి కాసేపట్లో అన్నీ మర్చిపోయి, విగ్గు పెట్టుకుని, టెక్నీషియన్ మీద రిపోర్టు రాస్తుంది. ఇంకో రోజు ఇంకో ఉపాయం చూడొచ్చు. ప్రస్తుతానికి ఒక్క మాటైనా ఉంది. వంతెన పక్కన. అవతలి రాజధానిలో ఉన్నది ఒకటే వాగు, ఒకటే వంతెన. సాయంత్రంలోగా చుట్టూ ఉన్న ఇళ్లన్నీ గాలించడం అవతలివాళ్లకి చేతకాని పని కాదు. యాభై ఐదుకి ఆమె నంబరు తిప్పింది. అవతల ఎవరో ఎత్తారు.

"రాసుకోండి," అంది డాక్టరమ్మ. "వాగు..."

ఫోను మీట మీద ఒక లావాటి వేలు పడింది. హెడ్మాస్టరు. పన్నెండు అని చెప్పి పదకొండూ యాభై ఐదుకే తలుపు బద్దలు కొట్టించాడు. తన కింద పనిచేసేవాళ్లు చెప్పినట్టు చేస్తారన్న నమ్మకం ఆయనకి జన్మలో లేదు, అందుకని ఎక్కడికైనా ఐదు నిమిషాలు ముందే ఊడిపడతాడు. ఆ దుర్గుణమే ఆ రోజు తమ్ముడి ప్రాణం కాపాడింది.

వదిన కళ్లు తెరిచి, చుట్టూ నిలబడ్డ తుపాకుల్ని చూసి, వీళ్లంతా ఎందుకొచ్చారని చిరాకు పడింది. డాక్టరమ్మ చాలా మంచిదని, పరీక్ష ఇంకా మొదలవలేదని చెప్పింది. బుగ్గలు తడిగా ఎందుకున్నాయో ఆమెకే తెలియలేదు. హెడ్మాస్టరు టేపు రీలు విప్పి జేబులో వేసుకున్నాడు. ఆరింటికి హెచ్చరిక చేరింది. ఏడింటికి గడియారాల దుకాణం మేడ మీద గది ఖాళీ అయింది.

తొమ్మిదో రోజున తమ్ముడు సరిహద్దు దాటి వచ్చాడు. ఎవరి గురించి సమాచారం బయటికి పోయిందో వాళ్లు ఆ టేపు మొత్తం విని, ఎంతవరకు పోయిందో రాసి సంతకం పెట్టాలని ఇంకో నియమం. వాడు హెడ్మాస్టరు గదిలో నిలబడి అరగంట విన్నాడు. సంతకం మొదటిసారి తప్పు చోట పెట్టాడు. హెడ్మాస్టరు జీవితంలో మొదటిసారి ఒక మనిషికి కుర్చీ తెప్పించాడు. వదిన మాత్రం కేసు తేలేదాకా ఆ టేపు వినడానికి వీల్లేదు. సాక్షికి జ్ఞాపకాలు అరువివ్వకూడదని లాయర్లు పట్టుబట్టారు.

ఆ సాయంత్రం వాడు ఆమె ఇంటికొచ్చాడు. వదిన తలుపు సగమే తీసింది. ఎనిమిదేళ్ల తరవాత దారి తెలిసిందా అంది. వాడు లోపలికొచ్చి గోడ మీద అమ్మ ఫొటో కింద కూర్చున్నాడు. చిక్కిపోయాడు, చెవుల పక్కన నెరిసింది. "విన్నానక్కా," అన్నాడు.

"ఏం విన్నావు?"

వాడు ఆమె మొహంలోకి వెతికినట్టు చూశాడు. అక్కడ దాచిపెట్టినది ఏమీ లేదని మెల్లగా అర్థమైనట్టుంది.

"ఏం లేదులే. టీ పెడతావా? పొద్దున్నుంచీ ఏం తాగలేదు."

టీ తాగుతూ వాడు నవ్వాడు కూడా. వదినకి అనుమానం వేసింది. ఇలా నవ్వేవాడైతే ఆ రోజు అంత గొడవ ఎందుకు చేసినట్టు? వాడు అరవడం, అందరూ చూడటం, ఒప్పుకో ఒప్పుకో అంటూ వేలు చూపించడం లీలగా గుర్తున్నాయి. ఏం ఒప్పుకోమన్నాడో ఎంత ఆలోచించినా తట్టలేదు. తను చేసిన పాపం ఒక్కటైనా గుర్తు రాలేదు కాబట్టి, తప్పంతా వాడిదేనని తేల్చుకుని, పెద్ద మనసుతో తమ్ముణ్ణి క్షమించేసింది.